గోడలకు గొంగళ్లు కట్టిన వడ్ల తిమ్మప్ప

రాజోలి దగ్గర, తుంగభద్ర ఒడ్డున ఉన్న మా ఊళ్లో వడ్రంగం చేసే వడ్ల తిమ్మప్ప అంటే తెలియనివారు లేరు. చుట్టుపక్కల ఎక్కడ బండి విరిగినా, తలుపు కుంగినా, కొట్టంలో దూలం వంగినా ముందు ఆయన పేరే నోటికొచ్చేది. గద్వాల కోటలో వాననీటికి ఉబ్బిపోయిన పెద్ద తలుపును చెక్క మార్చకుండానే మళ్లీ మూసుకునేలా చేసింది ఆయనే. వనపర్తిలో ఒక షావుకారు ఇంటి ఉయ్యాల బల్ల ఆయన చేతిదే. ఎంత ఊపినా కిర్రుమనదని ఆ ఇంటి ఆడవాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. నాగర్‌కర్నూలు సంతకు ఆయన చేసిన విత్తనాల గొర్రు పోతే బండి దిగకముందే బేరమయ్యేది. సోమశిల రేవులో పగిలిన పడవకు అతుకేసి, అది ఎండేదాకా ఒడ్డునే పడుకుని, మొదటి జనంతో తానూ ఎక్కి కృష్ణ దాటి చూపించాడు. బడి మొగం చూడని మనిషి. అయినా పని ఒప్పుకుని చేయలేకపోయాడన్న మాట ఎన్నడూ పడలేదు. తన చేతి మీద అంత నమ్మకం ఉన్న మనిషికే యుద్ధం నాటి ఆ ఏడు పటేలు కచేరిలో నిద్రపట్టని కష్టం వచ్చిపడింది.

సింగపూరు పడిపోయి అప్పటికి ఏడాది దాటింది. మా పటేలు నర్సిరెడ్డి ఇంట్లో బాటరీతో పలికే రేడియో ఉండేది. దాని గొంతు మరీ పీల. కచేరి గదిలో జనం కూర్చుంటే ముందు వరసకే వినిపించేది. పటేలుకు అది చిన్నతనంగా తోచి, కర్నూలు మెకానిక్కుకు చెప్పి విడిగా ఒక లౌడుస్పీకరు తెప్పించాడు. వచ్చాక చూస్తే ఏముంది, ఒక నల్ల కాగితపు గరాటు, దాని వెనక బరువైన అయస్కాంతం, వేలాడే తీగలు. "దీనికి మంచి చెక్కపెట్టె చేయించుకోండి, అప్పుడు చూడండి దీని దమ్ము" అని చెప్పి మెకానిక్కు రేవు దాటి వెళ్లిపోయాడు.

పెట్టె అంటే తిమ్మప్పే. కొట్టం అటక మీద ఎండబెట్టి దాచుకున్న టేకు పలకలు కిందికి దింపాడు. ఎక్కడా మేకు కొట్టకుండా మూలలు పళ్లు పళ్లుగా కోసి ఒకదానిలో ఒకటి దిగేశాడు. ముందు పలకకు గుండ్రంగా కన్నం తొలిచి గరాటు బిగించాడు. పెట్టె నునుపు చూసి పటేలు చేత్తో నిమిరాడు. కానీ తీగలు కలిపి రేడియో తిప్పగానే గది దద్దరిల్లిందే తప్ప ఒక్క మాటా తెలియలేదు. ఒక మాట ముగియకముందే దాని మీద ఇంకో మాట ఎక్కి కూర్చుంది.

"ఏమప్పా తిమ్మప్పా, పెట్టె చెయ్యమంటే బాయి చేసినవేంది?" అన్నాడు పటేలు.

పక్కనే ఉన్న కరణం నవ్వాడు. "గా మాట్లాడేటోడు లోపల పడ్డట్టుండు. జర మోకు ఏసి తియ్యుండ్రి."

తిమ్మప్పకు ఒళ్లు మండింది. గది నడుమకు పోయి గట్టిగా చప్పట్లు కొట్టాడు. నాలుగు గోడలూ తిరిగి కొట్టాయి. కింద నున్నటి బండలు, చుట్టూ అద్దంలా మెరిసే గచ్చు గోడలు, ఎక్కడా ఒక గుడ్డపేలిక లేదు.

"తప్పు పెట్టెది కాదు పటేలా, గదిది. గీ గోడలు ఇంటలేవు, ఎదురు మాట్లాడుతున్నయి. వాటి నోరు మూయిస్త చూడుండ్రి."

"మా తాత కట్టించిన గోడలురా అవి."

"మీ తాత ముచ్చట్లకు కట్టించిండు. రేడియోకు కాదు."

ఆ మాట పడేసి బయటికి వస్తుంటే వాకిట్లో కుడితి గోలెం పక్కన ఒకామె నిలబడి ఉంది. అమృతమ్మ. ఊరి బయట ప్రార్థన గుడిసె దగ్గర ఉండే మనిషి. పటేలింట్లో కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, చేలల్లో కలుపు తీసేది. మొగుణ్ని ఎర్రగా ఉంటాడని ఊరంతా ఎర్రోడు అనేది. అతను జ్వరంతో పోయాడు. ఒక్కగానొక్క కొడుకు సన్నగా రివటలా ఉంటాడని వాణ్ని బక్కోడు అనేవారు. కరువు ఏట కర్నూలు పోయి పటాలంలో చేరిన ఆ బక్కోడి జాడ, సింగపూరు పడిపోయినప్పటి నుంచి లేదు.

"వడ్లయ్యా, నీ కాల్మొక్కుత, జర సాఫ్‌గ ఇనొచ్చేతట్టు చెయ్యి. సిపాయిల పేర్లు చదువుతున్నరంట. నా కొడుకు పేరొస్తదేమోనని వారం వారం ఈడనే నిలబడుతున్న. ఊఁ అని ఇనొస్తది గానీ పేరు తెలుస్తలేదు."

నిజమే. వారంలో ఒక సాయంత్రం ఒక స్టేషను నుంచి తెలుగులో పేర్లు చదివేవారు. ముందు యుద్ధంలో చనిపోయినవారివి, తర్వాత శత్రువు చేతికి చిక్కి బతికి ఉన్నవారివి. ఒక వారం చదివిన పేర్లను పై వారం మరొక్కసారి చదివి, ఇక వదిలేసేవారు. అమృతమ్మను కచేరి లోపలికి రానిచ్చేవారు కాదు. వాకిట్లో గోలెం దాకే ఆమె హద్దు.

"నువ్వేం పరేషాన్ గాకు. తేట నీళ్లల్ల రాయేస్తే అడుగున కనపడ్డట్టు ఒక్కొక్క పేరు ఇనిపిస్త" అన్నాడు తిమ్మప్ప. కొడుకు పేరేమిటని ఆయన అడగలేదు. బక్కోడని తెలుసు కదా.

ఆ వారమంతా ఆయనకు వేరే పని లేదు. పెట్టెను మూలన పెట్టి విన్నాడు. గొంతు లావై మొద్దుబారింది. గోడకు ఆనించి విన్నాడు, గోడ కూడా కలిసి పాడింది. చివరికి గోడకు బారెడు ఎడంగా, మనిషి కూర్చుంటే నోరు ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తున పీట వేసి నిలిపాడు. పెట్టె లోపల కట్టెకు కట్టె మోగకుండా దూది పరిచి, దాని మీద ఏకని గొర్రెబొచ్చు కూరాడు. బండల మీద జంపఖానా వేయించాడు. ఇక గోడలు. కురుమవాళ్ల ఇళ్లకు పోయి, అడిగి, బతిమిలాడి, కొత్త గొంగళ్లు మోసుకొచ్చాడు. కర్రలకు గుచ్చి, గోడకు ఆనకుండా జానెడు సందు వదిలి వేలాడదీశాడు. ఆ సందు ఎందుకని పటేలు అడిగితే, "గొంగడి దాటి పోయిన సప్పుడు గోడకు తగిలి మళ్ల గొంగట్లనే ఇరుక్కోవాలె. రెండుసార్లు ఒడిసిపట్టాలె పటేలా" అన్నాడు. ఎవరూ చెప్పింది కాదు, రాత్రంతా చప్పట్లు కొట్టుకుంటూ తనకు తాను తెలుసుకున్నది.

"గొర్రెలన్నీ గోడెక్కినట్టుంది. వాసన సూడు!" అని ముక్కు మూసుకున్నాడు కరణం.

అంతా అయ్యాక ఒక్క లోటు మిగిలింది. వాకిట్లో ఎద్దుల మెడగంటలు, ఆడవాళ్ల మాటలు లోపలికి వచ్చి రేడియో గొంతులో కలుస్తున్నాయి. తిమ్మప్ప అన్నిటికన్నా మందమైన గొంగడిని ఏరి, మడతపెట్టి, వాకిలి తలుపుకే అడ్డంగా కట్టాడు. మళ్లీ గది నడుమ నిలబడి చప్పట్లు కొట్టాడు. చేతుల చప్పుడు చేతుల్లోనే ఆగిపోయింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

పేర్లు చదివే సాయంత్రం వచ్చింది. పటేలు, కరణం, ఇద్దరు ముగ్గురు పెద్దరైతులు దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. తిమ్మప్ప పెట్టె వెనక నిలబడి కళ్లు మూసుకున్నాడు. చదివే ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. ఒక్కొక్క అక్షరం విడివిడిగా, పొట్టు తీసిన గింజలా వచ్చి పడింది. "దేవదాసు, తండ్రి యేసయ్య, రాయచూరు జిల్లా" అన్నప్పుడు ఆ పేరు చివరి 'సు' ఈతాకు చీల్చినంత సన్నగా పలికింది. తిమ్మప్పకు ఒళ్లు పులకరించింది. అంతకుముందు ఆ అక్షరమే బూడిదలో పోసిన నీళ్లలా ఉండేది మరి.

"వహ్వా, తిమ్మప్పా! మనిషి ఎదురుంగ కూసోని మాట్లాడినట్టుంది" అన్నాడు పటేలు. తర్వాత వాళ్లు వేరుశనగ ధరల మాటల్లో పడ్డారు. తిమ్మప్ప ఇంటికి పోయి రెండు సంకటి ముద్దలు ఎక్కువ తిన్నాడు.

తెల్లవారి కొట్టంలో నాగలికి మేడి చెక్కుతుంటే అమృతమ్మ వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నిన్న చదివిండ్రా వడ్లయ్యా?"

"చదవకేం? నువ్వినలే? ఒక్కొక్క పేరు ముత్యమనుకో!"

"యాడ ఇనొచ్చింది? మొన్నటిదాంక ఊఁ అన్న ఇనొస్తుండె. నిన్న అదీ లేదు. తలుపుకు గొంగడేసిండ్రు గద. గోలెం కాడ పొద్దుగూకేదాంక నిలబడ్డ."

తిమ్మప్ప బాడిసె పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. ఆ గొంగడి కట్టింది తానే. ఎద్దుల గంటలు లోపలికి రాకూడదనుకున్నాడు గానీ, లోపలి మాట కోసం బయట ఒక మనిషి నిలబడి ఉంటుందన్నది తోచనే లేదు.

"మీ బక్కోని పేరు రాలేదులే" అన్నాడు ఊరడించబోయి.

"బక్కోడు అని ఎందుకు చదువుతరయ్యా? అది మీరు పెట్టింది. పటాలంల ప్రార్థన పేరే రాసుకున్నరు. దేవదాసు. వాళ్ల నాయిన యేసయ్య."

ఎర్రోడికి ఇంకో పేరు ఉందని ఇన్నేళ్లలో ఆయనకు తెలియదు. కచేరిలో దిండ్లకు ఆనుకున్నవాళ్లలో ఎవరికీ తెలియదు.

"వచ్చింది" అన్నాడు మెల్లగా. "దేవదాసు, తండ్రి యేసయ్య. వచ్చిందమ్మా."

అమృతమ్మ ఉన్నచోటే చెక్కపొట్టులో కూలబడింది. "ఏంట్ల వచ్చింది? పోయినోళ్లల్లనా, దొరికినోళ్లల్లనా?"

తిమ్మప్ప కళ్లు మూసుకుని వెతుక్కున్నాడు. ఆ గొంతు గుర్తుంది. ఆ 'సు' గుర్తుంది. కాగితం తిప్పిన చప్పుడు గుర్తుంది. కానీ అది పేరుకు ముందు వచ్చిందో, తర్వాత వచ్చిందో గుర్తు లేదు. ఆయన విన్నది తన పనిని. వాళ్లు చదివింది ఏమిటన్నది ఆయన వినలేదు.

"తెల్వదు."

"చెవులున్నయి గద అయ్యా!" అంది ఆమె. లేచి పనికి పోయింది.

తిమ్మప్ప పటేలు దగ్గరికి పరుగెత్తాడు. పటేలుకు గుర్తు లేదు. కరణం తల గోక్కుని, "రాయచూరు జిల్లా అన్నట్టుండె. మన గద్వాల, అలంపురం అంతా ఆ జిల్లానే గద, ఎవరో అనుకున్న" అన్నాడు.

"పటేలా, వచ్చే వారం మళ్ల ఒక్కసారి చదువుతరు. అది దాటితే ఇంక లేదు. ఆమెను జర గడపకాడ కూసోనీయుండ్రి."

"గడపకాడనా? కచేరిలనా? రేపు ఊరంత ఏమంటది? నీకు మతి గిట్ల తప్పిందా?"

"అయితే పెట్టెను వాకిట్ల పెడ్త."

"దుమ్ముల? బాటరీ ఉన్న తావు నుంచి కదిలిస్తే మెకానిక్కు మళ్ల ఏరు దాటి రావాలె. నువ్వే ఇని చెప్పరాదు?"

ఆ మాటే అమృతమ్మకు చెప్పాడు తిమ్మప్ప. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఒకసారి మీరే ఇన్నరు గద."

ఆ వారం ఎట్లా గడిచిందో. వాడలో ఆడవాళ్లు ప్రార్థన పెట్టించమంటే, "ఏం ప్రార్థన పెట్టిస్త? ఉన్నోనిదా, పోయినోనిదా?" అని అడిగిందట అమృతమ్మ. కలుపు తీస్తూ తీస్తూ మొలకలు కూడా పెరికేస్తోందని పాలేరు తిట్టాడు. ఈ మాటలన్నీ తిరిగి తిరిగి తిమ్మప్ప కొట్టానికే చేరాయి. ఆయన చేతిలో పని సాగలేదు. ఒకరికి చెయ్యాల్సిన గొర్రు ముందు పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చున్నాడు. దాని మీద జడ్డిగం బిగించి ఉంది. జడ్డిగం అంటే విత్తనం పోసే చెక్క గిన్నె. పైన పోసిన గింజ దాని అడుగున ఉన్న వెదురు గొట్టాల్లోంచి జారి చాలులో పడుతుంది. ఎంత గాలి వీచినా గింజ పక్కకు పోదు.

చూసి చూసి ఆయన లేచాడు. పెద్ద జడ్డిగం ఒకటి, పెట్టె కన్నం మీద సరిగ్గా మూతపడేంతది తొలిచాడు. దాని అడుగున ఒకే ఒక రంధ్రం పెట్టాడు. పొడుగాటి వెదుళ్లు తెచ్చి, కాల్చిన ఇనుప చువ్వతో లోపలి కణుపులు పొడిచి, లోపలంతా నున్నగా చేశాడు. ఒకదానికొకటి తొడిగి, అతుకుల్లో గాలి పోకుండా లక్క పోశాడు. కచేరిలోని పెట్టె నుంచి కిటికీ గుండా గోలెం దాకా సరిపోయింది.

ఆయన భార్య బాలమ్మ పొయ్యి దగ్గర నుంచి చూస్తూనే ఉంది. "ఏందది?"

"ఇటు మాట పోస్తే అటు చెవుల పడుతది."

"మస్తు తెలివే. ఆ తల్లిని లోపల కూసోబెట్టమని గట్టిగ అడగనీకి నోరు రాలే, గొట్టం చెయ్యనీకి మాత్రం చేతులొచ్చినయి."

"అడిగిన."

"ఒక్కసారి అడిగినవు."

తిమ్మప్ప అతుకు మీద లక్క సరిచేసుకున్నాడు.

పటేలు ఆ గొట్టాన్ని చూసి పడీ పడీ నవ్వాడు. "కచేరిల విత్తనాలేస్తవా తిమ్మప్పా? కానీ, చూద్దాం." తమాషా అనుకున్నాడు గనుక ఒప్పుకున్నాడు.

పేర్లు మళ్లీ చదివే సాయంత్రమైంది. బయట అమృతమ్మ నేల మీద కూర్చుని వెదురు కొసను చెవికి ఆనించుకుంది. లోపల తిమ్మప్ప జడ్డిగాన్ని పెట్టె ముఖానికి తాళ్లతో కట్టి రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. పేర్లు మొదలయ్యాయి. ముందు చనిపోయినవారివి. గొంతంతా గొట్టంలోకి పోతుంటే గదిలో గుసగుసే మిగిలింది.

"ఏందిరా, మాకు ఇనొస్తలే. తియ్ దాన్ని" అన్నాడు పటేలు.

"జర ఆగుండ్రి పటేలా."

"తియ్యమంటున్న."

తిమ్మప్ప తియ్యలేదు. పుట్టి బుద్ధెరిగాక పటేలింట్లో ఒక మాటకు ఎదురు నిలబడింది అదే మొదలు. చెంప చెక్కకు ఆనించి, ఈసారి ఒక్కొక్క పేరు విన్నాడు. ఊరు విన్నాడు, తండ్రి పేరు విన్నాడు. ఎవరెవరి పిల్లలో. చనిపోయినవారి పేర్లు ముగిశాయి. అందులో దేవదాసు లేడు. పటేలు లేచి వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. తిమ్మప్ప కదల్లేదు. చిక్కినవారి పేర్లు మొదలయ్యాయి. చాలా పేర్ల తర్వాత, చెక్క లోపల నుంచి, "దేవదాసు, తండ్రి యేసయ్య, రాయచూరు జిల్లా."

"వచ్చింది!" అని అరిచాడు కరణం.

తిమ్మప్ప తలుపు గొంగడి తోసుకుని వాకిట్లోకి ఉరికాడు. అమృతమ్మ చెవి గొట్టానికి ఆనించే ఉంది.

"ఇన్నవా అమృతమ్మా? దొరికినోళ్లల్ల వచ్చింది. ఉన్నడు!"

"ఇన్న. వాళ్ల నాయిన పేరు గూడ చెప్పిండ్రు." ఆమె తల ఎత్తలేదు. "దొరికినోళ్లకు కడుపుకు ఏమన్న పెడ్తరా అయ్యా? కొడ్తరా? అది గూడ చెప్తరేమోనని ఇంటున్న."

"అది చెప్పరమ్మా. పేర్లే చదువుతరు."

"చెప్పకుంటే ఎట్ల?"

ఇంతలో లోపల ఎవరో తాళ్లు కోసి గొట్టాన్ని లాగినట్టున్నారు. గొట్టం ఆమె చేతుల్లోంచి జారి, బరబరా నేల మీద గీసుకుంటూ కిటికీలోకి పోయింది. ఆమె ఖాళీ చేతులతో అట్లాగే కూర్చుంది. ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాడు. లోపల పటేలు పిలుస్తున్నా లేవలేదు.

ఆ మర్నాటి నుంచి పటేలింటి పని వేరే ఊరి వడ్లాయనకు పోయింది. గొంగళ్లు మాత్రం గోడలకు చాలాకాలం అట్లాగే ఉన్నాయి. యుద్ధం ఆగి, పటాలాలు తిరిగొస్తున్నాయని ఊళ్లో చెప్పుకున్నా దేవదాసు జాడ తెలియలేదు. అప్పుడు కూడా అమృతమ్మ తిమ్మప్ప కొట్టానికే వచ్చేది.

"ఏమన్న చదివిండ్రా వడ్లయ్యా?"

తిమ్మప్ప కచేరి గడప తొక్కి ఏళ్లయిందని ఆమెకు తెలుసు. అయినా ఆమె అడిగేది. ఆయన బాడిసె పక్కన పెట్టి, పీట జరిపి, కూర్చోమనేవాడు.